ముందు చక్రం నాడి పట్టే పెదనాన్న

మోటారుసైకిలు ముందు చక్రం కీచుమన్న మరుక్షణమే, మెకానిక్ షెడ్డు తెరవకముందే, వాకిట్లో ప్రత్యక్షమయ్యే పెదనాన్న దాదాపు ప్రతి తెలుగు కుటుంబంలోనూ ఒకరు ఉంటారు. ఆయన సాధారణంగా పదవీ విరమణ చేసినవారై, ఒకప్పుడు బజాజ్ చేతక్‌ను పక్కకు వంచి స్టార్ట్ చేసిన అనుభవాన్నే యంత్రశాస్త్ర పట్టాగా భావించేవారై ఉంటారు.

ఆయన పద్ధతిలో తీర్పు ముందూ విచారణ తరువాతా వస్తాయి కనుక, బండి వీధి మలుపు తిరగకముందే "బేరింగు పోయిందిరా అబ్బాయ్" అనే ప్రకటన వెలువడుతుంది. బేరింగు అంటే ఇరుసుకూ చక్రానికీ నడుమ ఉండి రాపిడిని తగ్గించే ఉక్కుగుండ్ల వలయం. అది అరిగితే ఎక్కువగా వినిపించేది గరగరమనే మోత అనీ, చక్రాన్ని అటూ ఇటూ ఊపితే వదులు చేతికి తెలుస్తుందనీ తమ్ముడి కొడుకు వినయంగా మనవి చేస్తే, "నువ్వు పుట్టకముందు నుంచీ బండి తోలుతున్నాను" అన్న మాటతో ఆ చర్చ ముగుస్తుంది.

తరువాతి ఘట్టంలో ఆయన లుంగీ ఎగగట్టి, తల ఒక పక్కకు వంచి, కదిలే బండి వెంట నడుస్తూ వింటారు. అనుమానం తీరక తామే నడిపి చూస్తారు. అప్పుడు కీచుమనడం ఆగిపోతుంది. రాత్రి వానకు బ్రేకు డిస్కు మీద పట్టిన పలుచని తుప్పు నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే రాలిపోయి, దానివల్ల పుట్టిన శబ్దం దానంతటదే పోవడం మామూలే అయినా, ఆ ఘనత నడిపిన చేతికే దక్కిందని ఆయన వీధికంతటికీ చెబుతారు.

శబ్దం తిరిగి వచ్చినప్పుడు కుట్టుమిషను నూనె డబ్బా బయటికి వస్తుంది, అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. డిస్కుకు బదులు కొన్ని బళ్లకు ఉండే డ్రమ్ బ్రేకు అనేది చక్రంతో తిరిగే డొల్ల లోపలి అంచును రెండు అర్ధచంద్రాకారపు షూలు ఒరుసుకుని ఆపే ఏర్పాటు. దానికి ఆధారమే రాపిడి కనుక, అందులో నూనె పడితే శబ్దంతోపాటు బ్రేకు కూడా పోతుంది.

పెద్దమ్మ ఆ డబ్బా లాక్కుని లోపలికి వెళ్లాక మాత్రమే ఆయన మొదటే చేయవలసిన పనికి పూనుకుంటారు. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, ముందు చక్రం నేలకు తగలకుండా లేపి, చేత్తో తిప్పుతూ బ్రేకును కొద్దిగా నొక్కినప్పుడు శబ్దం మారితే దోషం బ్రేకు ప్యాడ్లలోనో షూలలోనో ఉన్నట్టు. మారకపోతే, పాతకాలపు స్పీడోమీటరు ఉన్న బండికి చక్రం దగ్గర దాని కేబులు విప్పి మళ్లీ తిప్పినప్పుడు సద్దుమణిగితే, కేబులు లోపలి తీగకు గ్రీజు ఎండినట్టు. ఎండలో పీట వేసుకుని, బనియను నిండా మసి పూసుకుని, ఒక్క రూపాయి ఆశించకుండా ఆయన ఇదంతా ఓపికగా చేసి, చివరికి ప్యాడ్లు అరిగిపోయాయని తేల్చి, "ముందే చెప్పానుగా!" అంటారు.

ఆ తమ్ముడి కొడుకు సైతం మర్నాడు పక్కింటివారి స్కూటరు కీచుమనగానే కిటికీలోంచి తొంగిచూసి "బేరింగే" అని తేల్చేస్తాడు గనుక, ఈ లక్షణం వంశపారంపర్యమని అంగీకరించక తప్పదు. అరిగిన ప్యాడ్లను వెంటనే మార్పించుకోవాలి. పెదనాన్న తీర్పును శ్రద్ధగా వినాలి. నూనె డబ్బాను మాత్రం ఆయనకు అందని అటక మీద దాచాలి.