61 శాతం

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటరుగారి ఆఫీసు. సెప్టెంబరు ఆఖరు వారం. టాక్స్ ఆడిట్ రిపోర్టులకు 30వ తేదీ గడువు. సరిగ్గా అప్పుడే కంప్యూటర్లో చోటు నిండుకుంది.

ఒక్కో ఫైలుకు నాలుగేసి నకళ్లున్నాయి, ఏరి పారేస్తే చాలన్నారెవరో. డూప్లికేట్లు వెతికే ప్రోగ్రామ్ ఒకటి వేశారు. అది 61 శాతం దాకా చకచకా పోయి టపీమని మూసుకుపోయింది. మళ్లీ నడిపారు. మళ్లీ 61.

హార్డ్‌వేర్ కుర్రాడు వచ్చాడు. పాతది తీసేసి కొత్త వెర్షన్ వేశాడు. 61. యాంటీవైరస్ ఆపి చూశాడు. 61. ర్యామ్ ఊడదీసి, తుడిచి పెట్టాడు. అదే 61.

"మంచి ప్రోగ్రామ్ ఏదైనా వెయ్యవయ్యా," అన్నారు ఆడిటరుగారు.

ఈలోగా ఆర్టికల్స్ చేస్తున్న అమ్మాయి ఫైలు పట్టుకొచ్చింది. "సార్, ఆ రైస్‌మిల్లు..."

"తర్వాతమ్మా. ముందిది తేలనీ."

కుర్రాడు ప్రోగ్రామ్ రాసుకునే లాగ్ తెరిచాడు. ఆగిన ప్రతిసారీ చివరి వరుసలో ఒకటే ఫైలు పేరు. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయబోయాడు. సగంలో విండోస్ చేతులెత్తేసింది: డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్. డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ పట్టిక తీశాడు. పెండింగ్ సెక్టార్ల గడిలో ఉండాల్సింది సున్నా. అక్కడ 24 ఉంది.

"ప్రోగ్రామ్ తప్పేం లేద్సార్. ఇది పేర్లు చూసి ఊరుకోదు. సైజు కలిసిన ఫైళ్లను మొదట్నుంచీ చివరిదాకా చదివి పోలుస్తుంది. డిస్క్ మీద చదవడానికి రాని చోట్లున్నాయి. అక్కడికి రాగానే కూలబడుతోంది. ఇవాళ ఇన్ని, రేపు పెరగొచ్చు. డేటా వేరే డిస్క్‌లోకి తీసి, దీన్ని మార్చెయ్యాలి."

"ఎంతసేపు?"

"రాత్రంతా పట్టొచ్చు సార్. ఈ ఫైలు మాత్రం వస్తుందో రాదో."

ఆడిటరుగారు గడియారం చూశారు. "ఇప్పుడంత తీరిక ఎవరికుంది? ఆగకుండా పోయే ఉపాయం చెప్పు."

కుర్రాడు తల గోక్కున్నాడు. కొత్త వెర్షన్ సెట్టింగుల్లో అడుగున ఒక గడి ఉంది: చదవలేని ఫైళ్లను వదిలెయ్యి. ఆ గడి పెట్టినవాడెవడో మనుషులను బాగా ఎరిగినవాడు.

"ఇక్కడ టిక్కు పెడితే ఆగదు సార్. అలాగని డిస్క్ బాగైనట్టు కాదు."

"పెట్టు."

పెట్టాడు. 60, 61, 62. నూరు. తెర మీద పచ్చరంగులో వచ్చింది: స్కానింగ్ విజయవంతంగా పూర్తయింది. ఎన్ని ఫైళ్లు వదిలేసిందో కింద చిన్న అక్షరాల్లో ఉంది. అది చదవడానికి ఆడిటరుగారు కళ్లజోడు పెట్టుకోలేదు.

"ఇదయ్యా పనంటే!" అని, అడిగినదానికి ఓ వంద ఎక్కువే ఇచ్చారు.

అమ్మాయి మళ్లీ వచ్చింది. "సార్, రైస్‌మిల్లు పుస్తకాల్లో ఒకచోట ఆగిపోయాను. 18 లక్షల చెల్లింపులకు వోచర్లు లేవు. అడిగితే వాళ్లు..."

సంచి సర్దుకుంటున్న కుర్రాడి వైపు చూపించారు ఆడిటరుగారు.

"ఎక్కడ టిక్కు పెట్టాలో అతన్నడుగమ్మా."