కొత్త పెట్రోలు, పాత గొంతు

నా నంబరు పీవై 04తో మొదలవుతుంది. పుదుచ్చేరి ముదలియార్‌పేట వీధిలో రాత్రిళ్లు నా పక్కన నిలబడే బళ్లన్నీ 01వి. 02 కారైక్కాల్‌ది, 03 మాహేది, 04 మా యానాంది. నూరు సీసీ ఇంజిను, ఒక కార్బరేటరు, కిక్కు రాడ్డు, నా ఆస్తి ఇంతే. యానాంలో మొదటిసారి నా టాంకులో పోసిన పెట్రోలు వేరు, ఇవాళ ఇక్కడ పోస్తున్నది వేరు. ఆ తేడా నా ఒంటికి ఎలా తెలిసిందో చెప్పుకోవాలని ఉంది.

2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఏప్రిల్ 1 నుంచి పాత పొగ ప్రమాణమైన బీఎస్-3 బండి ఏదీ దేశంలో అమ్మకూడదు. మిగిలినవి రెండే రోజులు. షోరూముల్లో ధరలు వేలకు వేలు పడిపోయాయి, జనం అప్పు చేసి మరీ ఎగబడ్డారు. నన్ను కొన్నాయన ప్రభుత్వాఫీసులో గుమాస్తా. ఇంటికి తీసుకెళ్లి గుమ్మం ముందు స్టాండు వేసి, "పొగ లెక్క పాతదైతే ఏంటే, బండి కొత్తదేగా" అన్నాడు భార్యతో. ఆమె నా హ్యాండిల్‌కి పసుపు రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఒక నిబంధన పుణ్యమా అని నేను ఆ ఇంటికి చేరాను. తర్వాత నన్ను ఇరకాటంలో పెట్టిందీ మరో నిబంధనే.

యానాంలో నాకు తిండికి లోటు లేదు. పుదుచ్చేరి పాలనలో పెట్రోలు మీద పన్ను తక్కువ కాబట్టి కాకినాడ వైపు నుంచీ, కోనసీమ నుంచీ బళ్లు వచ్చి టాంకులు నింపుకుపోయేవి. 2019లో గుమాస్తాగారికి పుదుచ్చేరి బదిలీ అయింది. టాంకులో చుక్క లేకుండా పిండేసి, గోనెపట్టా చుట్టి నన్ను రైలు పార్సెల్ బోగీ ఎక్కించారు. ఇక్కడ దిగి చూస్తే అదే తంతు. ఇక్కడికి వచ్చేవి కడలూరు, విళుప్పురం బళ్లు, అంతే తేడా.

ఆయన పని బాహూరు వైపు. రోజూ పొద్దున్నే కడలూరు రోడ్డెక్కి, 1898లో మొదలై 2020లో మూతపడ్డ ఏఎఫ్‌టీ బట్టల మిల్లును వెనక వదిలి, మురుంగపాక్కం, అరియాంకుప్పం, తవళకుప్పం దాటి వరిచేల దాకా పోవాలి. ఎడమ పక్క ఎంతో దూరంలో లేని సముద్రం. ఆ ఉప్పుగాలి నా రిమ్ములను తినేస్తుందని తెలుసు. లోపలి నుంచి తినేది ఇంకొకటి వస్తోందని అప్పటికి తెలియదు.

పెట్రోలులో ఇథనాల్ కలపడం నిన్నా మొన్నటి సంగతి కాదు. 2003 జనవరిలో 9 రాష్ట్రాలు, 4 కేంద్రపాలిత ప్రాంతాల్లో 5 శాతంతో మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్, పుదుచ్చేరి రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. చాలా ఏళ్లు ఆ 5 కూడా నిండలేదు. 2022 జూన్‌కి 10 అయింది. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రధాని 20 శాతం పెట్రోలును విడుదల చేశారు. 2030కి అనుకున్న ఆ 20 దేశమంతటా 2025లోనే వచ్చేసింది. మొదట చిలకరింపు, ఆ తర్వాత ఒక్కసారిగా వరద.

20 వచ్చాక మొదట తేడా తెలిసింది చలి పొద్దుల్లో. చోక్ లాగినా రెండు మూడు కిక్కులకు పలికేదాన్ని కాదు. పలికినా, యాక్సిలరేటర్ తిప్పగానే ఒక్క క్షణం ఊపిరి ఆగినట్టయ్యేది. మెకానిక్ ముదలియార్‌పేటలోనే పుట్టిపెరిగిన మనిషి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నా ప్లగ్గు విప్పి వెలుతుర్లో పెట్టి చూశాడు.

"సార్, చూడండి. ఇటుక రంగులో ఉండాల్సింది తెల్లబడిపోయింది. బండికి పెట్రోలు చాలట్లేదు."

"టాంకు నిండా ఉంది కదన్నా?"

"టాంకులో ఉంది సార్, ఇంజిన్లోకి పోయేది చాలట్లేదు."

ఆ మనిషి నాడి పట్టాడు. ఇథనాల్ తన బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజన్‌ను వెంట తెచ్చుకుంటుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కొత్త బళ్లలో పొగగొట్టం దగ్గర సెన్సర్ ఉంటుంది, అది లెక్క చూసి ఇంధనం పెంచమని చెబుతుంది. నా కార్బరేటరులో ఉన్నది ఒక ఇత్తడి జెట్టు, దానికో సన్నటి రంధ్రం. అది పాత పెట్రోలు లెక్కకు తొలిచిన గొంతు. ఉప్పు వేసిన కూరని తెలియక మళ్లీ ఉప్పేసినట్టు, ఆక్సిజన్ ఉన్న ఇంధనంలోకి పాత కొలతతోనే గాలి కలుపుతుంది. అందుకే మండేది పలచగా మండుతుంది, తల వేడెక్కుతుంది, ప్లగ్గు తెల్లబడుతుంది.

గుమాస్తాగారబ్బాయి కాలేజీ కుర్రాడు. నా నీరసం చూసి ఒక రోజు ప్రీమియం పెట్రోలు కొట్టించుకొచ్చాడు. లీటరుకు బాగా ఎక్కువే తీసుకున్నారు.

"నాన్నా, ఇది 95 ఆక్టేన్. ఇంక చూడు, బండి ఎలా పరిగెడుతుందో!"

నేను పరిగెత్తలేదు. పరిగెత్తను కూడా. ఆక్టేన్ అంకె బలాన్ని కొలవదు. సిలిండర్లో నలిగి వేడెక్కుతున్న ఇంధనం, ప్లగ్గు నిప్పురవ్వ వేసేదాకా తనంతట తాను అంటుకోకుండా ఎంత ఆగగలదో కొలుస్తుంది. ఆగలేకపోతే ఇంజిన్ టకటకా కొట్టుకుంటుంది, మెకానిక్‌లు నాకింగ్ అంటారు. పన్నెండో వంతు దాకా నలిపే రేసు బళ్లకు ఆ ఓపిక ఎక్కువ కావాలి. నాలో నలిగేది తొమ్మిదో వంతుకే. దానికి 91 సరిపోతుంది. పైగా 20 శాతం ఇథనాల్ కలిపిన మామూలు పెట్రోలే ఇప్పుడు 95 అని పెట్రోలియం శాఖ చెబుతోంది. ఇథనాల్ ఆక్టేన్ 108.5 మరి. అంటే అబ్బాయి ఎక్కువ డబ్బు పెట్టి కొన్న అంకె, పక్క పైపులోనూ ఉంది. ఇథనాల్‌లో లేనిది శక్తి. లీటరుకు లీటరు చూస్తే పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. ఆక్టేన్ పెరిగి, శక్తి తగ్గిన ఇంధనం ఇది. ఈ రెండు మాటలూ కలిపి బంకులో ఎవరూ చెప్పరు. అందుకే ఆ కుర్రాడిలాంటి వాళ్లు లక్షల మంది అంకె చూసి డబ్బులు పోస్తున్నారు.

ఇథనాల్‌ను తిట్టిపోయడం మాత్రం నాకు ఇష్టం లేదు. ఆక్టేన్ కోసం మనుషులు ఒకప్పుడు పెట్రోలులో సీసం కలిపారు. 1921లో అమెరికాలో కనిపెట్టిన ఆ మందు పిల్లల రక్తంలోకి చేరింది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 దాకా పూర్తిగా పోలేదు. దానితో పోలిస్తే చెరకు నుంచీ, మొక్కజొన్న నుంచీ, నూకల నుంచీ వచ్చిన ఇథనాల్ ఎంతో నయం. రైతుకు డబ్బు వెళ్లడం నిజం, చమురు దిగుమతి తగ్గడం నిజం. అలాగే 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం తమ నేల, నీళ్ల మీద బెంగతో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రోడ్డెక్కిందీ నిజమే. ఇక్కడికి దగ్గర్లోనే తెలుగు పేరున్న లింగారెడ్డిపాళయంలో సహకార చక్కెర మిల్లు ఏళ్ల తరబడి మూతపడి ఉంది. ఈ చుట్టుపక్కల చెరకు రైతుకు ఇథనాల్ వల్ల ఏం ఒరిగిందని ఎవరైనా అడిగితే, ఆ మిల్లు గేటు వైపే చూడాలి.

2024 నవంబరు 30 రాత్రి ఫెంజల్ తుపాను ఈ తీరాన్నే దాటింది. ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు మించి కురిసింది. నా సీటు దాకా నీళ్లు. టాంకు మూత దగ్గర వాననీరు బయటికి పోయే సన్నటి దారి మట్టితో పూడిపోయి, నీళ్లు లోపలికి దిగాయి. పాత పెట్రోలు అయితే నీళ్లు అడుగున విడిగా నిలిచేవి. కార్బరేటరు అడుగు స్క్రూ విప్పి వదిలేస్తే తీరిపోయేది. ఇథనాల్ నీటిని చూస్తే వదలదు. కొద్దిపాటి తేమయితే తనలో కలుపుకుని మండిపోతుంది, అది మంచిదే. హద్దు మించితే పెట్రోలును విడిచిపెట్టి, నీళ్లను వెంటేసుకుని అడుగుకు దిగిపోతుంది. నా ట్యాపు తీసుకునేది అడుగు నుంచే. ఆ అడుగుది ఎంత కొట్టినా అంటుకోదు. పైన తేలే పెట్రోలుకేమో ఇథనాల్ ఇచ్చిన ఆక్టేన్ పోయింది. ఇథనాల్ కలపక ముందు పెట్రోలు ఆక్టేన్ 84.4 అని శాఖ లెక్కే చెబుతోంది. ఆక్టేన్ గురించి నాలాంటి బండి నిజంగా భయపడాల్సిన చోటు ఇదే. కడలి పక్కన, వానాకాలంలో, సగం టాంకుతో రోజుల తరబడి నిలబెట్టిన బండికి ఇది ఎప్పుడైనా రావచ్చు.

మెకానిక్ టాంకంతా ఒంపేసి ఎండబెట్టాడు. గట్టిపడి పగుళ్లిచ్చిన పెట్రోలు పైపు, ఫ్లోట్ సూది, రబ్బరు రింగులు మార్చాడు. జెట్టు ఒక సైజు పెద్దది వేశాడు. నాకు ఊపిరి వచ్చింది. ఖర్చు పెద్దది కాదు. పాత బళ్లకు 20 నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని, అది చవకైన పనేనని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో చెప్పింది. చవకే. కానీ ఆ మాట బంకు దగ్గర బోర్డు మీద రాసి ఉంటే, నడిరోడ్డు మీద పైపు కారి నిప్పంటుకునే ప్రమాదం ఒక్కటైనా తప్పుతుంది. 10 శాతానికి సర్దిన పాత ద్విచక్ర వాహనాల మైలేజీ 20 శాతం మిశ్రమంతో 3, 4 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021లోనే రాసింది. లీటరుకు అరవై ఇచ్చేదాన్ని, రెండు కిలోమీటర్లు పోతాయి. అప్పట్లో ఇథనాల్ పెట్రోలు కంటే చవక. 2025కల్లా దాని సేకరణ ధర శుద్ధి చేసిన పెట్రోలు ధరనే దాటిందని శాఖే ఒప్పుకుంది. తగ్గిన మైలేజీకి బదులుగా బంకులో ధర తగ్గలేదు. ఆ రెండు కిలోమీటర్లు గుమాస్తాగారి జేబులోంచే పోతున్నాయి.

ఇథనాల్ లేని పెట్రోలునూ అందుబాటులో ఉంచాలని, బంకుల్లో ఇథనాల్ శాతం రాయాలని ఒకరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 సెప్టెంబరు 1న ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్. గవాయి ధర్మాసనం ఆ పిటిషన్‌ను కొట్టేసింది. నన్ను ఆ ఇంటికి చేర్చిన కోర్టే అది. చెరకు రైతుల మేలు చూడాలన్న ప్రభుత్వ వాదన నాకు అర్థమవుతుంది. శాతం రాయమంటే రైతుకు వచ్చే నష్టమేమిటో మాత్రం అర్థం కాలేదు.

బ్రెజిల్ 1975లో మొదలుపెట్టి, దశాబ్దాల పాటు బళ్లను ఇంధనానికి తగ్గట్టు మారుస్తూ వచ్చింది. మన దగ్గర 20కి తగ్గ బళ్లు రావడం మొదలైంది 2023 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు పుట్టినవాళ్లం కోట్లలో ఉన్నాం, ఇంకా పదేళ్లయినా రోడ్ల మీద ఉంటాం. ఢిల్లీలో అప్పుడే 27 శాతం మాట మొదలైంది. అది వస్తే నా జెట్టు ఇంకో సైజు మారాలి, కొత్త రబ్బర్లు మళ్లీ కావాలి. మారుస్తారు, మెకానిక్ ఉన్నాడు. ఆలోపు కడలూరు రోడ్డు మీది ప్రతి బంకులో, ప్రతి పైపు మీద, లోపల ఇథనాల్ ఎంత శాతమో కళ్లకు కనిపించేంత పెద్ద అంకెల్లో రాయించాలి. 10 శాతం పెట్రోలు పైపు ఒకటి మాకోసం ఉంచాలి.