మాకు పట్టింపుల్లేవండీ!

అన్ని మతాలనూ గౌరవించడం నిజమైన భారతీయుడికి చాలా ముఖ్యమని నూటికి 84 మంది చెప్పారట. దాదాపు 30 వేల మందిని అడిగి ప్యూ రీసెర్చ్ సెంటర్ 2021లో బయటపెట్టిన లెక్క ఇది. ఆనందబాష్పాలు తుడుచుకునేలోపే ఆ సర్వేవాళ్లు ఇంకో ప్రశ్న వేశారు, పాపిష్టివాళ్లు! పక్కింట్లోకి ముస్లిం కుటుంబం వస్తే? హిందువుల్లో నూటికి 36 మంది వద్దన్నారు. మన ఆడపిల్లలు వేరే మతంవాళ్లను చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యమన్నవాళ్లు హిందువుల్లో 67 శాతం, ముస్లింలలో 80 శాతం. మతసామరస్యం ఎక్కడుందని వెతుక్కునేవాళ్లు ఇక్కడ చూసుకోవచ్చు.

హైదరాబాద్‌లో టులెట్ బోర్డు చూసి ఓ మెట్టెక్కండి. ఓనరుగారు కాఫీ ఇస్తారు. అద్దె సంగతి తర్వాత, ముందు ఇంటిపేరు కావాలి. దాంతో తేలకపోతే సొంతూరు. అక్కడా తేలకపోతే, ‘నాన్‌వెజ్ తింటారా?’ అప్పటికీ అనుమానం తీరకపోతే పోర్షన్ నిన్ననే ఎవరికో ఇచ్చేసినట్టు హఠాత్తుగా గుర్తొస్తుంది. బోర్డు మాత్రం ఇంకో నెల వేలాడుతుంది.

ఆయన్ని తప్పుపట్టలేం. రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అన్నీ ఉన్నాయి. ఆయనగారి మూడో అంతస్తు లేదు.

ఇంత జల్లెడ పట్టిన మనిషే, కాఫీ గ్లాసు కింద పెట్టకముందే ప్రభుత్వం మీద పడతాడు. ‘కులం చూసి సీట్లిస్తారేంటండీ? అందరినీ సమానంగా చూడొద్దూ?’ సర్కారు కులం అడిగితే అన్యాయం, తాను అడిగితే ఆచారం. తీవ్రవాదమన్నా ఆయనకు ఒళ్లు మంట. అది ఎప్పుడూ అవతలివాళ్లదే లెండి. మనవాళ్లు బస్సు అద్దాలు పగలగొడితే కుర్రాళ్లు, కాస్త ఆవేశం ఎక్కువ.

ఇక అమెరికా మాటెత్తితే ఆపలేం. అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు. రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు అద్దెకివ్వనంటే అక్కడ 1968 నుంచీ చట్టం ఒప్పుకోదు. ‘దేశమంటే అదండీ! మావాడు వెళ్లాడో లేదో తెల్లావిడ తాళాలు చేతిలో పెట్టింది. మీరేవిట్లు అని ఒక్క ముక్క అడగలేదు!’