పొత్తిగుడ్డకు నూలేది?

మా కాలంల ఆడపిల్లకు నెలలు నిండుతున్నయంటే, ఇంటి పెద్దామె ముందుగాల పెట్టె తెరిచి పాత నూలు చీరెలు ఎన్నున్నయో చూసేది. తాత ధోతులు, అమ్మమ్మ చీరెలు ఏండ్లకేండ్లు కట్టి, పిండి, వెన్న లెక్క మెత్తగయ్యేటియి. అయ్యి చింపి పొత్తిగుడ్డలు చేసేటోళ్లం, మిగిలిన పేలికలతోని బొంత కుట్టేటోళ్లం. ఇప్పుడు కాన్పుకు ముందే డైపర్ల ప్యాకెట్లు తెచ్చి అల్మారల పేరుస్తున్నరు. సిరిసిల్లల పుట్టి, కోరుట్లకు కోడలిగ వచ్చి, జగిత్యాలల మునిమనుమరాలిని ఎత్తుకున్నదాన్ని. నాకిది మింగుడు పడుతలేదు.

గుడ్డ సంగతి మాకు పుట్టింట్లనే తెలుసు. మగ్గం మీదికెళ్లి అప్పుడే కోసిన తాను పసిపిల్లకు పనికిరాదు. పోగు తెగకుండ పడుగుకు గంజి పెడుతరు. దూదికి పుట్టుకతోనే మైనం ఉంటది. ఆ రెండూ పోయేదాక గుడ్డ నీళ్లు తాగదు. అందుకే కొత్త గుడ్డయితే ఉడకబెట్టి, నాలుగైదు సార్లు పిండినంకనే పిల్లకు కట్టేటోళ్లం.

పిండుడుకు ఓ పద్ధతుండె. దొడ్డికి పోయిన గుడ్డను ముందు దులిపి, చన్నీళ్లల్ల జాడియ్యాలె. మొదలే ఉడుకునీళ్లు పోస్తే మరక పట్టుకుంటది. ఉచ్చగుడ్డలు వేరే బకెట్ల నానెయ్యాలె. సబ్బు కొంచెమే పెట్టి, నురుగు మొత్తం పోయేదాక జాడియ్యాలె. సబ్బు మిగిలితే పిల్ల తొడలు ఎర్రగ కందుతయి. వారానికోసారి అన్నిటిని ఉడకేసేటోళ్లం. ఇంటిల్లిపాది బట్టలకు గంజి పెట్టినా వీటికి పెట్టకపోయేది. ఇప్పుడు వాసన కోసమని కలిపే కండిషనర్ గూడ అసొంటిదే, అది పోగు మీద పొర కట్టి గుడ్డ తాగే గుణం చంపుతది.

ఆఖరుకు ఎండ. కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు పసుపు పండిస్తరు కాబట్టి మాకు దీని గురించి ఒకలు చెప్పే పనిలేదు. పసుపు మరకకు సబ్బు పెడితే ఎర్రగైతది, ఎండకేస్తే ఎలిసిపోతది. పాలు తాగే పిల్ల దొడ్డి మరక గూడ అంతే. ఆ పసుపు పిత్తంలది, బిలిరుబిన్ అంటరు, వెలుతురుకు మారిపోతది. కామెర్లయిన పసిపిల్లను దవాఖాన్ల నీలి లైటు కింద పండబెట్టేది గందుకే.

కష్టం లేకుండెనని నేననను. బీడీల చాట ఒడిల పెట్టుకొని, కాలివేలికి తొట్టెల తాడు కట్టుకొని ఊపుకుంట పిల్లల్ని సాదినం. తంబాకు చేతులు రుద్ది కడుక్కున్నంకనే పిల్ల గుడ్డ ముట్టినం. వానకాలం నిప్పుల మీద గంప బోర్లించి గుడ్డలు ఆరబెట్టినం. "అమ్మమ్మా, ఇయ్యన్ని ఎవరు పిండుతరు?" అంటది నా మనుమరాలు. ఇంట్ల నల్లా ఉన్నది, మిషనున్నది, మొగుడున్నడు. తండ్రి పిండితే తప్పేంది? ఆ పని ఆడోళ్ల నెత్తినే పెట్టిన్రు కాబట్టే, అలిసిపోయి డైపర్‌కు దండం పెట్టిన్రు.

డైపర్ల ఉన్నదేంది? బయట ప్లాస్టిక్ పొర, లోపట నీళ్లు పీల్చి ఉబ్బే సోడియం పాలియాక్రిలేట్. వాడినదాన్ని చుట్టి వేరుగ ఇయ్యాలని 2016ల వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పినయి. నేను చూసేదేమో మోరీలల్ల, చెత్తకుప్పల మీద కుక్కలు గుంజుకపోయేటియి. 2008ల ఇంగ్లండ్‌ల పర్యావరణ సంస్థోళ్లు లెక్క తీసిన్రు. ఒక్క పిల్లకు రెండున్నరేండ్లు డైపర్లు వాడితే 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన కాలుష్యం, గుడ్డలు వాడితే 570. కాని మిషన్ నిండ ఏసి పిండి, బయట దండెం మీద ఆరేసి, రెండో పిల్లకు గూడ అయ్యే కడితే 200 కిలోలు తగ్గుతదని వాళ్లే చెప్పిన్రు. దండెం, ఎండ, చిన్నోడికి పెద్దోడి గుడ్డలు... మేం చేసింది గదే కదా!

నా అసలు బాధ ఇంకోటి. ఇయ్యాల కోడలు గుడ్డలు కడుతనన్నా చింపెతందుకు ఇంట్ల నూలు చీరె ఉండాలె గద. సిరిసిల్ల సాంచాల మీద ఎక్కువ నడిచేది పాలిస్టర్. 2017 నుంచి కొన్నేండ్లు సర్కారు పంచిన బతుకమ్మ చీరెలు నేసి మావోళ్ల పొయ్యిలు వెలిగినయి, అది నేను కాదనను. కాని పాలిస్టర్ చీరె ఎంత పాతదైనా నీళ్లు తాగదు. డైపర్ రాకముందే నూలు మన పెట్టెలకెళ్లి ఎల్లిపోయింది.

అదే 2017ల సర్కారు దవాఖాన్ల కాన్పయిన తల్లులకు సబ్బు, నూనె, దోమతెరతోని కిట్ ఇచ్చుడు మొదలుపెట్టిన్రు. నేనడిగేది ఒక్కటే. సర్కారు అసొంటి కిట్ల సిరిసిల్లల నేసిన నూలు పొత్తిగుడ్డలు, గంజి పోయేదాక ఉడకేసి పెట్టి ఇయ్యాలె. నేతగాండ్లకు పనైతది, పిల్లలకు మేలైతది. పిండే పద్ధతి తల్లికీ తండ్రికీ ఇద్దరికి నేర్పాలె. నేర్పెతందుకు నా అసొంటి ముసలోళ్లం ఊరికి పదిమందిమి ఇంకా ఉన్నం, ఇప్పుడే అడుగుండ్రి.