ఒక బాయి రిజిస్టరు ఆత్మకథ

నేను శ్రీరాంపూరులోని యొక బొగ్గుబాయి కార్యాలయమునకు చెందిన షిఫ్టు రిజిస్టరును. తేదీ, దిగినవారి సంఖ్య, ఎత్తిన టబ్బులు, గాలి, కప్పు స్థితి, చిట్టచివర ‘విశేషములు’ అను గడి: ఇదియే నా శరీరము. ఆ చివరి గడి తఱచుగా ఖాళీగనే యుండును. అట్లుండుటయే బాయికి క్షేమము.

1993 సెప్టెంబరు 30 తెల్లవాఱుజామున ముగిసిన రాత్రి షిఫ్టు పుటలో మాత్రము, ఇంగ్లీషు వ్రాతల నడుమ, ఆ గడిలో ఒక్క పంక్తి తెలుగున నున్నది: “సుమారు 4 గంటలకు ఆఫీసు కిటికీ అద్దములు గలగలమన్నవి, కూర్చున్న బెంచీ కదిలినది, బాయిలో అడుగగా ఎవ్వరికిని తెలియదన్నారు.” గుమాస్తా బెదరి మాతృభాషలోనికి వచ్చెనేమో! పంక్తి చివర నూనె బొటనవ్రేలి క్రింద నీలిసిరా అలికికొనిపోయినది.

ఆ వేళకే లాతూరు జిల్లా కిల్లారి పరిసరముల ఊళ్లు నేలమట్టమై, వేలాదిమంది రాతిగోడల క్రింద నలిగి మరణించిరని అతఁడెఱుఁగఁడు. 6.2 తీవ్రత గల ఆ భూకంపము 3 గంటల 56 నిమిషములకు పుట్టినది. మూడువందల కిలోమీటర్లకు పైబడిన మా యూరికి దాని పెద్ద అలలు చేరుటకు ఒకటిన్నర నిమిషము చాలును. నిద్రమత్తులో నున్న మనుష్యుఁడు గడియారపు ముల్లును పూర్ణసంఖ్యకు జరిపి చెప్పుట సహజమని చరిత్రకారులకు తెలిసినదే కావున, ‘సుమారు 4’ అనుటను వారు తప్పుగా నెంచరు.

అయితే బొగ్గు ప్రాంతమున నేల యదరుట వింత కాదు. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగిన నదరును. బొగ్గు తీసివైచి విడిచిన గోఫులో కప్పు కూలిన నదరును. పాత భూకంపముల జాడలకై నన్ను వెదకుచు వచ్చిన పరిశోధకుఁడు తొలుత ఈ సందేహమునే పట్టుకొనెను. ఓపెన్‌కాస్టు బ్లాస్టింగును సాధారణముగా పగటి వెలుతురుననే చేయుదురు. కావున అది కాకపోవచ్చును. గోఫు పడినచో ముందుగా తెలియవలసినది లోపలివారికే, వారికి తెలియలేదు. భూతరంగములు ఉపరితలమును తాకి వెనుదిరుగుచోట చలనము ఇంచుమించు రెట్టింపగును, వదులుమట్టి దానిని మఱింత పెంచును, లోతున గట్టిరాతిలో అది స్వల్పము. ఇట్లు ‘తెలియదన్నారు’ అను మాటయే సాక్ష్యమైనది! గొప్పలు చెప్పిన సాక్షికంటె ఏమియు తెలియదన్న సాక్షి మేలని నా యభిప్రాయము.

మావంటి వ్రాతల నేరుటలో పెద్దలు కలరు. థామస్ ఓల్డుహాం కూర్చిన భారత భూకంపముల పట్టిక ఆయన మరణానంతరము 1883లో కుమారుని సంపాదకత్వమున వెలువడినది. అట్టి పట్టికల కొక లోపము కలదు: దొరలు, దండుబాటలు, పత్రికలు ఉన్నచోట భూమి తఱచుగా కంపించినట్లును, అడవిపల్లెలలో నిశ్చలముగా నున్నట్లును తోఁచును. వ్రాయువాఁడు లేనిచోటి మౌనము భూమి మౌనము కాదు.

మా గోదావరి లోయయందే 1969 ఏప్రిల్ 13న భద్రాచలము ప్రాంతమున 5.7, 2024 డిసెంబరు 4 ఉదయమున ములుగు ప్రాంతమున 5.3 తీవ్రతతో భూమి కదిలినది. ఈ రెండవదానికి నేనున్న ఇనుప అలమార సయితము కిఱ్ఱుమన్నది. భూకంపములను యంత్రములతో కొలుచు జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ హైదరాబాదులో వెలసినదే 1961లో. చాలవఱకు స్థిరమైన మా నేలపై ఇంతకంటె పెద్ద కుదుపులు శతాబ్దములకొకసారి రావచ్చును గనుక, యంత్రముల స్మృతి చాలదు. పాత కట్టడములను అడుగుదమన్నచో, ఆ ములుగు జిల్లాలోనే రామప్ప గుడి యున్నది. దాని శాసనము 1213 నాటిదని తేటగా చెప్పును గాని, ఒరిగిన రాళ్లు భూకంపమునకు ఒరిగెనో, పునాది క్రుంగుటచే ఒరిగెనో అవి చెప్పవు. తేదీలేని బీటకంటె తేదీగల పంక్తి మేలని పరిశోధకులు పట్టుపట్టుట యిందులకే.

ఇఁక మా యూరికి కంపనపు మెట్టు, అనగా ఇచట నేల ఎంతగా అదరెనో తెలుపు అంకె, నిర్ణయింపవలసి వచ్చినది. అద్దములు గలగలమన్నచో నాలుగవ మెట్టు. ఆ గౌరవము నాకు దక్కునని ఉబ్బితిని. పరిశోధకుఁడు కిటికీ చెంతకు పోయి నిలిచెను. బొగ్గులారీ యొకటి రోడ్డున పోయెను. పుట్టీ ఊడిన అద్దములు గలగలమన్నవి. అతఁడు నవ్వి, తన కాగితముపై ‘3’ వేసి, ప్రక్కన ‘4 కావచ్చును’ అని చిన్న అక్షరములతో చేర్చి, పంపుహౌసు రిజిస్టరు ఎక్కడ నున్నదని అడిగెను.