మైనం అంటిన ఇస్త్రిపెట్టె

కామారెడ్డి బజారులో నన్ను చేత్తో తూచి చూసి, "ఆవిరి గీవిరి వద్దు, ఇదే మంచిగున్నది" అన్నాడు మా కాక. అడుగున ఒక్క రంధ్రం లేని 750 వాట్ల పెట్టెను. నా రాత మార్చింది ఆ నున్నటి అడుగే.

లింగంపేట మీదుగా బస్సులో ఎల్లారెడ్డి చేరాను. చొక్కాలు, పంచెలు, పెళ్లిళ్లప్పుడు పట్టుచీరలు. చిన్న మరక పడ్డా కాకకు ఆ పూట అన్నం సయించేది కాదు. తర్వాత ఆయనతోనే దుబాయి. మా వైపు ఊళ్లకు గల్ఫ్ కొత్తేం కాదు. అల్ కూజ్‌లో గది, అంతస్తుల మంచాలు. కరెంటు మన లెక్కే, పిన్నులే వేరు.

పై మంచం పిల్లగాడిది లింగంపేట. స్కీ దుబాయ్‌లో పని. 2005లో తెరిచిన ఆ హాలు ఒక మాల్ లోపల ఉంది: 22,500 చదరపు మీటర్ల మంచు, 85 మీటర్ల ఎత్తు వాలు. బయట మనిషి మాడిపోతుంటే లోపల సున్నా కంటే చల్లన. ఒకరోజు వాడొక పాత స్నోబోర్డు, అంటే మంచు మీద జారే పలక, కొనుక్కొచ్చాడు.

"కాకా, దీనికి మైనం పూయనీకి నున్నటి అడుగు కావాలె. నీ పెట్టె జర ఇయ్యరాదే?"

"మల్ల బట్టలకు పనికొస్తదా?"

"అబద్ధమెందుకే, రాదు."

కాక అప్పటికే ఇంటికి టికెట్ తీసుకున్నాడు. సామానులో నా చోట మనవరాలికి పాలపొడి డబ్బా పడుతుంది. ఏమీ అనకుండా నా వైరు చుట్ట విప్పి వాడి చేతికిచ్చాడు.

రెండు కుర్చీల మీద పలకను బోర్లించి, వేడికి అడుగు సొట్టపడకుండా పాదాలు బిగించే బైండింగుల మరలు వదులు చేశాడు. నా వేడి ఉన్ని గీత దాటనివ్వలేదు. పొగ లేస్తే ఇంకా తగ్గించాడు. మైనం ముక్కను నా ముక్కుకు ఆనిస్తే చుక్కలు చుక్కలుగా పడింది. దాన్ని పరుస్తూ పోవాలి, ఆగకూడదు. కాలర్ మీద క్షణం నిలవడం నా అలవాటు. ఇక్కడ నిలిస్తే ఆ ప్లాస్టిక్ అడుగు కాలుతుంది. ఇన్నేళ్లు మరక పడకుండా బతికి, ఇప్పుడు మరక పూయడమే పని!

అరగంట ఆరాక ప్లాస్టిక్ బిళ్లతో ఆ మైనమంతా గీకేశాడు. నాకు మండింది. పైపైన ఉన్నది జారుడుకు అడ్డమట, లోపలికి ఇంకిందే పనిచేస్తుందట. జారేటప్పుడు రాపిడికి మంచు కాస్త కరిగి సన్నటి నీటిపొర అవుతుంది. చామాకు మీద నీళ్లు నిలవనట్టు మైనం ఆ నీటిని అంటనివ్వదు. చివరికి నైలాన్ బ్రష్‌తో పలకను ముక్కు నుంచి తోక దాకా రుద్దాడు.

కాక వెళ్లిన వారం వాడు సెలవు రోజున పలక మోసుకుపోయి రాత్రికి వచ్చాడు. మళ్లీ పూద్దామని నన్ను వేడి చేశాడు. పలక తుడిచాడు గానీ మరల సందులో కాస్త తడి మిగిలింది. బోర్లించబోతే ఒక చుక్క నా మీద పడి చుయ్‌మంది.

నేను చూసిన మంచు అంతే.