నాచు నిర్మూలన – విధివిధానాలు

తోట కొలనులో నాచు అంటే నీళ్లలో కరిగిన ఎరువును ఎండ సాయంతో తిని పెరిగే అతి సరళమైన జీవుల గుంపు. దీనికి వేరు, కాండం, ఆకు ఉండవు. విత్తనం కొనక్కర్లేదు. గాలితో, వానతో, నర్సరీ నుంచి తెచ్చిన కలువ దుంప మట్టితో, చేపలు తెచ్చిన ప్లాస్టిక్ సంచిలోని నీళ్లతో దానంతట అదే వస్తుంది. ఇక తోట కొలను అంటే, మూసారాంబాగ్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ దాకా చెల్లుబాటయ్యే నిర్వచనం ప్రకారం, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపుకూ జనరేటర్‌కూ మధ్య మిగిలిన ఈశాన్యం మూలలో కట్టిన సిమెంటు తొట్టి. ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు మోస్తున్న మూసారాంబాగ్‌లో బాగ్, అంటే తోట, ఇప్పుడు మెట్రో స్టేషన్ బోర్డు మీద భద్రంగా ఉంది. నేల మీద తోట లేని లోటు ఈ తొట్టే తీర్చాలి. బిల్డర్ బ్రోచర్‌లో దీని పేరు 'వాటర్ బాడీ'. ఆర్నెల్ల తర్వాత అసోసియేషన్ మినిట్స్ పుస్తకంలో 'ఫిష్ పాండ్ సమస్య'.

ఈ సమస్య మూడు రకాలు. మొదటిది పచ్చనీళ్లు. క్లోరెల్లా, సెనెడెస్మస్ వంటి ఏకకణ శైవలాలు లెక్కకు అందనంతగా నీళ్లలో తేలుతుంటాయి. గుడ్డలో వడకట్టినా జారిపోతాయి. రెండోది పీచు నాచు. స్పైరోగైరా, క్లాడోఫోరా వంటివి పొడుగాటి దారాలుగా పెరిగి గోడలకూ కలువ కాడలకూ చుట్టుకుంటాయి. వేళ్ల మధ్య నలిపితే స్పైరోగైరా జారుతుంది, క్లాడోఫోరా గరుగ్గా తగులుతుంది. మూడోది నీలి-ఆకుపచ్చ శైవలం. పేరుకు శైవలమే గాని, జాతికి బ్యాక్టీరియా. మైక్రోసిస్టిస్ ఈ కోవలోదే. దీనిలో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని తయారుచేస్తాయి కాబట్టి పిల్లల చేతులూ పెంపుడు కుక్కల మూతులూ అటు పోనివ్వకూడదు.

మూడింటినీ గుర్తుపట్టడానికి ల్యాబ్ అక్కర్లేదు, చీపురుపుల్ల చాలు. పుల్లను ముంచి తిప్పితే దారాలు చుట్టుకుని పైకి వస్తే అది పీచు నాచు. డబ్బాలో ముంచిన పెయింటు కుంచెలా పుల్లకు పూత పట్టుకుంటే నీలి-ఆకుపచ్చ రకమని అనుమానించాలి. ఏమీ అంటకుండా నీళ్లే పచ్చగా కారిపోతే మొదటి రకం. ఈ పరీక్ష ఖర్చు లేనిది కనుక అసోసియేషన్లు చేయించవు. వాటి దృష్టిలో మూడూ కలిపి ఒకటే రకం, 'గలీజు'. మందు కూడా ఒకటే.

నాచు పెరగడానికి ఎండ, వేడి, తిండి కావాలి. హైదరాబాద్ వేసవిలో మొదటి రెంటికీ కొదవ లేదు. మూడోది నివాసులు సమకూరుస్తారు. పొద్దున వాకింగ్‌కు దిగిన పెద్దాయన గుప్పెడు మరమరాలు చల్లుతాడు. స్కూలు బస్సు కోసం నిలబడ్డ పిల్లలు సగం బిస్కెట్లు పంచుతారు. వాచ్‌మన్ తన డ్యూటీ ప్రకారం గుళికలు వేస్తాడు. డ్యూటీ మారాక వచ్చిన రెండో వాచ్‌మన్ తన డ్యూటీ ప్రకారం మళ్లీ వేస్తాడు. గ్రహదోషం పోవాలని మూడో అంతస్తు వాళ్లు గోధుమపిండి ఉండలు వేస్తారు. దోషం ఎవరిని వదిలిందో గాని, నత్రజని మాత్రం కొలనులో కుదురుకుంటుంది.

ఎంత కుదురుకుంటుందో లెక్క కట్టవచ్చు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న తొట్టిలో దాదాపు 1,360 లీటర్లు పడతాయి. రోజుకు 10 గ్రాముల గుళికలు వేశారనుకుంటే, మాంసకృత్తులు 35 శాతం ఉన్న మేత అయితే, అందులో నత్రజని అర గ్రాము పైచిలుకు. చేప ఒంటికి పట్టేది అందులో మూడో వంతు లోపే. మిగతాది మొప్పల గుండా అమ్మోనియాగానూ, రెట్టగానూ నీళ్లలోకే వస్తుంది. నెలకు 12 గ్రాముల నత్రజని. దీన్ని నాచు పూర్తిగా వాడుకుంటే ఎండబెట్టి తూచినా 150 గ్రాములు దాటే పంట వస్తుంది, తడిగా తూస్తే కిలో పైనే. మరమరాలు, బిస్కెట్లు, పిండి ఉండలు ఈ లెక్కలో లేవు.

నత్రజనికి తోడు భాస్వరం కావాలి. మంచినీటిలో పంట ఎంతన్నది చాలాసార్లు భాస్వరమే నిర్ణయిస్తుంది. ఈ సంగతిని కెనడా శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ 1973లో ఒంటారియోలోని 226వ నంబరు సరస్సు మీద తేల్చాడు. సరస్సుకు అడ్డంగా ప్లాస్టిక్ తెర కట్టి, రెండు పక్కలా కార్బన్, నత్రజని వేసి, ఒక్క పక్కన మాత్రమే భాస్వరం కూడా కలిపించాడు. భాస్వరం పడ్డ సగం ఆకుపచ్చగా తిరిగింది, రెండో సగం తేటగా ఉండిపోయింది. విమానం నుంచి తీసిన ఆ ఫొటో, డిటర్జెంట్లలో ఫాస్ఫేట్లు తగ్గించాలన్న వాదానికి తిరుగులేని సాక్ష్యమైంది. మన ప్రయోగం అంతకంటే సమగ్రం. ఇక్కడ తెర కట్టరు. కారు కడిగిన సబ్బునీళ్లు, కుండీల్లో వేసిన డీఏపీ, కారిడార్ ఊడ్చిన దుమ్ము వానాకాలంలో అన్ని పక్కల నుంచీ సమానంగా కలుస్తాయి.

నాచు దినచర్య తెలియనివాళ్లు కొలను పక్కన పొరపాటు తీర్పులు చెబుతారు. పగలు నాచు కార్బన్ డయాక్సైడ్ పీల్చి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు, చేపలతో పాటు, ఆక్సిజన్ వాడుకుంటుంది. వేసవిలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించి నిలవదు. నిల్వ అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామున. అందుకే చిక్కటి పచ్చనీళ్ల కొలనులో పొద్దున అయిదున్నరకు చేపలు నోళ్లు పైకి పెట్టి గుటకలు వేస్తుంటాయి. తొమ్మిదింటికి సెక్రటరీ దిగేసరికి ఎండ పడి, ఆక్సిజన్ లేచి, బతికినవి మామూలుగా ఈదుతుంటాయి. చనిపోయినవాటికి 'దిష్టి తగిలింది' అన్న నివేదిక అప్పటికే వాట్సాప్ గ్రూపులో ఉంటుంది.

మధ్యాహ్నానిది ఇంకో చిక్కు. నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేయడం వల్ల నీటి పీహెచ్ 9కి ఎక్కగలదు. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉన్నప్పుడు అమ్మోనియాలో విషపూరితమైన భాగం ఒక్క శాతం లోపు. పీహెచ్ 9 అయితే అది 45 శాతం దాకా పోతుంది. అంటే పొద్దున హాని చేయని అమ్మోనియాయే మధ్యాహ్నం మూడింటికి చేపల ప్రాణం మీదికి తెస్తుంది. ఆ వేళకే అపార్ట్‌మెంట్లలో మరో విడత మేత పడుతుంది.

ఇక వాడుకలో ఉన్న చికిత్సలు. వీటిలో అగ్రస్థానం నీళ్లన్నీ తోడేసి, తొట్టిని బ్రష్షుతో గీరి, కొత్త నీళ్లు నింపడానిది. ఫలితం సాయంత్రానికే కనిపిస్తుంది, ఫొటో బాగా వస్తుంది. గోడలకూ గులకరాళ్లకూ అంటి అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా మాత్రం బ్రష్షుతో పాటు పోతుంది. కుళాయి నీళ్ల క్లోరిన్‌కు విరుగుడు వేయకపోతే చేపల మొప్పలు కాలతాయి. బోరు నీళ్లయితే అందులోని నైట్రేట్ కొత్త పంటకు పెట్టుబడి అవుతుంది. కొద్ది రోజుల్లో నీళ్లు మళ్లీ పచ్చబడతాయి. అప్పుడు మళ్లీ తోడేస్తారు.

రెండోది మందు సీసా. "ఒక్క సీసా ఏయుండ్రి సార్, రెండు దినాలల్ల సాఫ్ అయితది" అని షాపులో చెప్పిన మాటలో అబద్ధం లేదు. సాఫ్ అయ్యేది రంగు. మైలుతుత్తం వంటి రాగి ఉన్న మందులు నాచును చంపుతాయి. మోతాదు తప్పితే నత్తలనూ చేపలనూ కూడా చంపుతాయి. మోతాదు నీటి గట్టిదనాన్ని బట్టి మారుతుంది, దాన్ని కొలిచేవాళ్లుండరు. చచ్చిన నాచు అడుక్కి చేరి కుళ్లుతుంది. కుళ్లడానికి ఆక్సిజన్ ఖర్చవుతుంది. కుళ్లిన తర్వాత అందులోని నత్రజని, భాస్వరం తిరిగి నీళ్లలోకే వస్తాయి. వాటిని తిని కొత్త నాచు పెరుగుతుంది. సీసా అమ్మేవాడికి ఇంతకు మించిన చక్రం ఎక్కడా దొరకదు. బ్లీచింగ్ పౌడర్ విషయం వేరు. అది వేశాక చేపల సమస్య కూడా ఉండదు.

అతినీలలోహిత దీపం మూడో మార్గం. పంపు నుంచి వచ్చే నీళ్లు దీపం ముందు నుంచి పోయేటప్పుడు ఏకకణ శైవలాలు చచ్చి ముద్ద కడతాయి. ఆ ముద్దల్ని ఫిల్టర్ పట్టుకుంటుంది. పచ్చనీళ్లకు ఇది నిజంగా పనిచేస్తుంది. గోడకు అంటుకున్న పీచు నాచు దీపం దగ్గరికి నడిచి రాదు కనుక దాని మీద పనిచేయదు. మూడు రకాలనూ ఒకటిగా చూసే అసోసియేషన్ సాధారణంగా పీచు నాచు ఉన్న కొలనుకే ఈ దీపం కొంటుంది. ఇంగ్లండులో బార్లీ గడ్డి మూటలు వేసే అలవాటు ఉంది. గడ్డి మెల్లగా కుళ్లుతూ కొత్త నాచు ఎదుగుదలను అణచగలదు, ఉన్న నాచును చంపదు. పరిశోధనల్లో ఫలితాలు కూడా అన్నిచోట్లా ఒక్కతీరుగా లేవు. అది విని వరిగడ్డి మోపు తెచ్చి 1,360 లీటర్లలో ముంచితే మిగిలేది కుళ్లు వాసనే.

పనిచేసే పద్ధతి చౌక, నిదానం. అందువల్ల జనరల్ బాడీలో దానికి మద్దతు రాదు. మేత రోజుకు ఒక్కసారి, చేపలు రెండు మూడు నిమిషాల్లో తినేసేంత, ఒక్కరే వేయాలి. చేపల సంఖ్య తగ్గాలి. వేలెడంత ఉన్నప్పుడు కొన్న కోయి చేప రెండడుగులకు ఎదుగుతుంది, దానికి ఈ తొట్టి చాలదు. నీటి ఉపరితలంలో సగానికి పైగా నీడ పడాలి. కలువ ఆకులు, అంతర తామర ఆ నీడనిస్తూనే నాచు తినే ఎరువును తాము తింటాయి. పీచు నాచును పుల్లకు చుట్టి బయటికి తీయాలి. అడుగు మడ్డిని మెల్లగా సైఫన్‌తో లాగాలి. వారానికి పది, పదిహేను శాతం నీళ్లు మాత్రమే మార్చాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద ఉతకకుండా, కొలనులోంచి తీసిన నీళ్లతోనే పిండాలి. రాత్రిపూట గాలి పంపు ఆపకూడదు. కరెంటు బిల్లు ఆదా కోసం దాన్ని ఆపేది సరిగ్గా రాత్రిపూటే. ఇవన్నీ చేస్తే నెల, నెలన్నరకు నీళ్లు తేరుకుంటాయి. సెక్రటరీ పదవీకాలం ఏడాదే కావడంతో ఆ నెలన్నరను ఎవరూ భరించలేరు.

నీళ్లలో ఆకుపచ్చదనం అసలే ఉండకూడదనేదీ అపోహే. కైకలూరు, ఆకివీడు పక్క చేపల రైతులు చెరువు పచ్చబడటం కోసం పేడ, సూపర్ ఫాస్ఫేట్ డబ్బు పెట్టి కొని వేస్తారు. ఆ పచ్చదనం ప్లాంక్టాన్, కట్ల చేపకు తిండి. తెల్లటి పళ్లేన్ని నీళ్లలోకి దించి అది కనుమరుగయ్యే లోతును కొలుస్తారు. పళ్లెం లేనివాళ్లు మోచేతి దాకా చెయ్యి ముంచి అరచెయ్యి కనిపిస్తుందా అని చూస్తారు. 20 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య కనుమరుగైతే పచ్చదనం సరిపోయినట్టు. అంతకు ముందే మాయమైతే ఎరువు ఆపి, తెల్లవారుజామున చేపలు తేలకుండా ఏరియేటర్లు తిప్పుతారు. నాచు అక్కడ ఆస్తి, ఇక్కడ అపరాధం. తేడా అంతా లెక్క చూసుకోవడంలో ఉంది.

కొలను పెద్దదైనా సూత్రం మారదు, బడ్జెట్ మారుతుంది. 1626లో తవ్వించిన సరూర్‌నగర్ చెరువు చుట్టూ కాలనీలు పెరిగాయి. కాలనీల మురుగు చెరువులోకి దారి వెతుక్కుంది. దాన్ని తిని గుర్రపు డెక్క పెరిగింది. గుర్రపు డెక్కను తీయించడానికి యంత్రాలు వచ్చాయి, మురుగు మాత్రం రావడం మానలేదు. పదహారో శతాబ్దం నాటి హుస్సేన్‌సాగర్‌లో వేసవి రాగానే నీళ్లు చిక్కబడి పచ్చగా తిరగడం, వాసనకు జనం ముక్కు మూసుకోవడం ఏటా ఉన్నదే. మూసారాంబాగ్‌కు నది అవతలి గట్టున అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల మురుగుశుద్ధి కేంద్రం ఉంది. సాధారణ శుద్ధి మురుగులోని సేంద్రియ పదార్థాన్ని బాగానే తగ్గిస్తుంది. నత్రజని, భాస్వరం తీయడానికి అదనపు దశలు కావాలి. ఫౌంటెన్లు, రంగు దీపాలు, వాకింగ్ ట్రాక్ ఆ దశల్లోకి రావు, ప్రారంభోత్సవాలకు అనువుగా ఉంటాయి.

చివరి అంశం, బయటికి తీసిన నాచును ఏం చేయాలన్నది. దాన్ని గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకు తిరిగి నీళ్లలోకి జారుతుంది. నీళ్లు పిండి, ఎండుటాకులతో కలిపి కంపోస్టు గుంతలో వేస్తే కుండీలకు మంచి ఎరువు. నీలి-ఆకుపచ్చ రకమైతే చేతికి గ్లోవ్స్ వేసుకునే తీయాలి, పశువులకు అందకుండా చూడాలి. అపార్ట్‌మెంట్ ముందున్న నాలాలో పడేయడం అన్నిటికంటే తేలిక. ఎక్కువమంది చేసేదీ అదే. 'ఫిష్ పాండ్ సమస్య పరిష్కరించబడింది' అని మినిట్స్‌లో ఆ సాయంత్రమే రాసుకోవచ్చు. నాలా మూసీలో కలుస్తుంది, సమస్య అక్కడ ప్రభుత్వానిది అవుతుంది.